సనత్‌నగర్ నుంచి వెంచరు దాకా

హైదరాబాదు చూడవచ్చినవాళ్ళెవరూ సనత్‌నగర్ చూడరు. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం అయిన తరువాత ఇంకా ఓపికుంటే ట్యాంకుబండుమీద కాసేపు కూర్చుని రైలెక్కేస్తారు. సనత్‌నగర్‌లో కోటలూ లేవు, బురుజులూ లేవు. ఉన్నవల్లా కార్ఖానాలు, వాటిలో పనిచేసినవాళ్ళ ఇళ్ళు. అయినా ఊరనేది ఎలా పుడుతుందో, ఎలా పుట్టకూడదో తెలుసుకోగోరేవారు ఒక పూట అక్కడ తిరిగి రావటం మంచిదని నా అభిప్రాయం. ముఖ్యంగా ఎక్కడో ఒకచోట రెండువందల గజాల నేల కొనుక్కుందామని నాలుగు రాళ్ళు వెనకేసుకున్న సంసారులు తప్పకుండా తిరిగి రావాలి.

వెళ్ళటం కష్టమేమీ కాదు. సనత్‌నగర్‌కు సొంత రైలుస్టేషనుంది. 2017 నవంబరులో మెట్రోరైలు వచ్చిన తరువాత ఎర్రగడ్డలో దిగి తాపీగా నడిచి పోవచ్చు. రైతుబజారులో కూరల బేరాలు వింటూ, ఆదివారమైతే పాతసామాన్ల సంతలో తుప్పుపట్టిన తాళాలూ, ముక్కాలిపీటలూ చూస్తూ నడిస్తే దూరం తెలియదు.

ఈ పేట పరిశ్రమల చుట్టూ పెరిగింది. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఇక్కడ బస్సు బాడీలు, బీరువాలు, రిఫ్రిజిరేటర్లు చేసేది. ఒకప్పుడు మన ఇళ్ళల్లో ఆల్విన్ ఫ్రిజ్ కొన్నారంటే వీధివాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళేవారు. 1990లలో ఆ కంపెనీ చెదిరిపోయింది. మియాపూరు దగ్గర ఒక చౌరస్తాకు మాత్రం పేరు మిగిలింది. సనత్‌నగర్‌లో ఇప్పటికీ చిన్నా పెద్దా కార్ఖానాలున్నాయి. కార్మికుల కోసం పెట్టిన ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. అన్నిటికంటె ముఖ్యంగా కార్మికుల కాలనీ ఉంది.

1952లో కేంద్రప్రభుత్వం పరిశ్రమల్లో పనిచేసేవారికి తక్కువ ఖర్చుతో ఇళ్ళు కట్టించే పథకమొకటి తెచ్చింది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇళ్ళ గురించి ఎలా ఆలోచించేదో ఈ కాలనీ చూస్తే తెలుస్తుంది. ఇళ్ళు చిన్నవి. అగ్గిపెట్టెల్లా వరసగా పేర్చినట్టుంటాయి. కాని వీధులు తిన్ననివి. ఒక వీధి చివర నిలబడితే రెండో చివర కనిపిస్తుంది. పిల్లలు ఆడుకోవటానికి చోటుంది. తరువాతి కాలంలో ఒంటిగదుల మీద రెండో అంతస్తు, దానిమీద మూడోది లేచాయి. మెట్లు వీధిలోకి వచ్చాయి. మెట్లకింద ఇస్త్రీ బడ్డీలు వెలిశాయి. అయినా వీధి వీధిగానే ఉంది. మొదట గీసిన గీతను ఎవరూ మింగలేకపోయారు.

ఈ పద్ధతి హైదరాబాదుకు కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ దెబ్బతో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వేసి, ఇళ్ళు కట్టించటం దాని పని. 1960లో హౌసింగ్ బోర్డు ఆ బాధ్యత అందుకొన్నది. ఇక్కడికి కూతవేటు దూరంలోనే నీలం సంజీవరెడ్డిగారి పేరుతో సంజీవరెడ్డినగర్, జలగం వెంగళరావుగారి పేరుతో వెంగళరావునగర్ ఉన్నాయి. అనుకున్న ప్రకారం వేసిన కాలనీలన్నిటికీ సూత్రమొకటే. ముందు గీత, తరువాత రోడ్డు, తరువాత మురుగుకాలువ, ఆ పైన మనిషి. ఈ వరస తారుమారైనచోట కథ కోర్టుకెక్కుతుంది.

వరస ఎలా తారుమారవుతుందో చూడాలంటే సనత్‌నగర్ నుంచి బల్కంపేట మీదుగా అమీర్‌పేట దాకా నడవాలి. బల్కంపేటలో ఎల్లమ్మతల్లి నేలమట్టానికి దిగువన, బావిలో వెలసి ఉంటుంది. ఆషాఢంలో ఆమె కల్యాణానికి జనం ఇసుక వేస్తే రాలనట్టుంటారు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని అమీర్‌పేట చౌరస్తాకు వస్తే కంప్యూటరు చదువులు చెప్పే సంస్థల బోర్డులు ఆకాశాన్ని కప్పేసి ఉంటాయి. ఆ మధ్యనే మైత్రీవనం భవనం. నగరాభివృద్ధి కోసం 1975 చట్టం కింద ఏర్పడిన హుడా కట్టించినది. 2008లో హుడా పోయి హెచ్.ఎం.డి.ఎ. వచ్చింది. లేఅవుట్లకు అనుమతులిచ్చే సంస్థ అది. ఆ సంస్థ భవనాల నీడలోనే కుర్రవాళ్ళు నిలబడి కరపత్రాలు పంచుతుంటారు. అవి చదువుల కరపత్రాలే అనుకొని అందుకొన్నాను. తిప్పి చూస్తే ప్లాట్లు! 'ప్రీలాంచ్ ఆఫరు. నేడే ఆఖరురోజు.' ఆ ఆఖరురోజు కరపత్రం నాకు మూడు వారాల్లో మూడుసార్లు అందింది.

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి గనక నాకు మాటలమీదికి దృష్టి పోతుంది. భూమికి మనం వాడే మాటల్లో మన తాతలు పర్షియను, అరబ్బీల నుంచి తెచ్చుకొన్నవే ఎక్కువ. దస్తావేజు, హద్దు, గజం, కబ్జా అన్నీ అటునుంచి వచ్చినవే. ఇటీవల ఇంగ్లీషునుంచి ప్లాటు వచ్చింది, లేఅవుట్ వచ్చింది, చివరికి వెంచరు వచ్చింది. ఇంగ్లీషులో ఈ చివరి మాటకు నష్టమొచ్చినా రావచ్చునని తెలిసి చేసే సాహసమని అర్థం. వ్యాపారులు పెట్టుకొన్న పేర్లలో ఇంత నిజాయితీగల పేరు మరొకటి నాకు కనిపించలేదు. నష్టం ఎవరికన్నది మాత్రం ఆ మాటలో లేదు.

సనత్‌నగర్‌లో మా పెద్దమ్మ కొడుకు ఉంటాడు. ముప్పయ్యేళ్ళు ఒక కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ప్రావిడెంటుఫండూ, గ్రాట్యుటీ కలిసి ఇరవైరెండు లక్షలు చేతికొచ్చాయి. ఆ డబ్బు వచ్చినప్పటినుంచీ ఆయనకు నిద్ర లేదు. బ్యాంకులో ఉంటే కరిగిపోతుందని ఒక బెంగ, కొడుకు వ్యాపారానికి అడుగుతాడేమోనని ఇంకొక బెంగ.

"జాగ మీద పెట్టినోడు చెడిపోయిండని ఎవడన్న చెప్పిండా తమ్మీ?" అన్నాడు నాతో.

మా వదిన మాత్రం కళ్ళతోనే ఎదురింటివైపు చూపించింది. ఆ ఇంటాయన పదేళ్ళ కిందట ఒకచోట ప్లాటు కొన్నాడు. రిజిస్ట్రేషను అయింది. గోడ కట్టబోతే అదే నంబరుకు ఇంకొకరు దస్తావేజు తెచ్చి చూపించారట. ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు.

"జాగ చూసినాంక మాట్లాడుదాం" అన్నాడు అన్న. ఆ ఆదివారం కంపెనీవారి కారు ఇంటికే వచ్చింది. పెట్రోలు వారిదే, భోజనం వారిదే. నన్నుకూడా రమ్మన్నారు. చదువుకొన్నవాడు పక్కనుంటే మర్యాదగా మాట్లాడతారని వదిన ఆలోచన.

కారు ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మియాపూరు, పటాన్‌చెరువు దాటి ఔటర్ రింగురోడ్డు అవతలికి పోయింది. దారిపొడవునా కుర్రవాడు, మర్యాదస్థుడే పాపం, ఎక్కడెక్కడ ఏ కంపెనీ రాబోతున్నదో చెబుతూనే ఉన్నాడు. అతని లెక్కప్రకారం వచ్చే అయిదేళ్ళలో ప్రపంచంలోని కంపెనీలన్నీ మేము కొనబోయే ప్లాటుకు పావుగంట దూరంలో ఉంటాయి. తారురోడ్డు దిగి మట్టిబాట పట్టాము. పెద్ద కమాను ఒకటి కనిపించింది. కమాను లోపల రంగుజెండాలు, షామియానా, కుర్చీలు. జెండాల అవతల పత్తిచేను. చేనులో అక్కడక్కడ తెల్లసున్నం పూసిన రాళ్ళు.

టేబులుమీద పరచిన పటం మాత్రం చూడముచ్చటగా ఉంది. నలభై అడుగుల రోడ్లు, పార్కు, ఈతకొలను, గుడి, బడి. చెట్లుకూడా ఆకుపచ్చగా అచ్చువేశారు. ధర గజం పద్నాలుగువేలు. కాని ప్రీలాంచ్‌లో మొత్తం ఒకేసారి కడితే తొమ్మిదివేలే. రెండువందల గజాలకు పద్దెనిమిది లక్షలు. అంటే పదిలక్షలు లాభం, అదీ నిలబడినచోటనే!

అన్న ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి టేపు తీశాడు. ముప్పయ్యేళ్ళు ఇనుమును వెంట్రుకవాసితో కొలిచిన చెయ్యి అది. ఒక తెల్లరాయి దగ్గర టేపు కొస నన్ను పట్టుకోమని, ఎదుటి తెల్లరాయి దాకా నడిచాడు. పటంలో నలభై అడుగుల రోడ్డు నేలమీద ఇరవైయేడడుగులుంది.

"అవి తాత్కాలికపు రాళ్ళు సార్" అన్నాడు కుర్రవాడు.

"పార్కు ఎక్కడొస్తది బాబూ?" అని అడిగింది వదిన. అతను చేనువైపు చెయ్యూపాడు. "ఆ పార్కు జాగ పంచాయతీ పేర రాసిచ్చిండ్రా? రెరా నంబరున్నదా?"

"నంబరు ప్రాసెస్‌లో ఉంది మేడమ్. రెండు నెలల్లో వస్తుంది. వచ్చిందంటే ఈ రేటు ఉండదు. అందుకే ఇప్పుడు తీసుకోమంటున్నాం."

ఈ జవాబు మన రాష్ట్రాల్లో ఎన్ని వేలమంది విన్నారో! వినటానికి న్యాయంగానే ఉంటుంది. తొందరపడినవాడికి చవక, ఆలస్యం చేసినవాడికి ప్రియం. కాని చట్టం ఏమంటున్నదో చూడండి. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టం, అందరూ రెరా అంటున్నది, మూడో సెక్షనులోనే ఈ మాట చెబుతుంది. భూమి విస్తీర్ణం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు ఆరువందల గజాలు దాటిన లేఅవుట్‌ను అథారిటీ దగ్గర నమోదు చెయ్యకముందు అమ్మటమే కాదు, ప్రకటించటం, బుకింగులు తీసుకోవటం, కొనమని పిలవటంకూడా తప్పే. అంటే మమ్మల్ని కారెక్కించినప్పుడే చట్టం దాటారన్నమాట! ప్రాజెక్టు అంచనా ఖర్చులో పదిశాతం దాకా జరిమానా వెయ్యవచ్చు. ఆపమన్నా ఆపకపోతే మూడేళ్ళ దాకా జైలు.

నంబరు వచ్చిన తరువాతకూడా ఒకేసారి మొత్తం కట్టించుకోవటానికి వీల్లేదు. ధరలో పదోవంతుకు మించి తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చెయ్యాలి. కొనుగోలుదారులిచ్చిన సొమ్ములో డెబ్భైశాతం ప్రత్యేకమైన ఖాతాలో వేసి, ఆ ప్రాజెక్టుకే ఖర్చుపెట్టాలి. ఒకచోట వసూలుచేసిన డబ్బుతో మరొకచోట భూమి కొని, అక్కడి డబ్బుతో ఇంకొకచోట కమాను కట్టే అలవాటుకు ఇది కళ్ళెం. ప్రకటనలో అబద్ధం చెప్పి నష్టపరిస్తే పరిహారమివ్వాలి. అన్నిటికంటె మంచి మాట పద్దెనిమిదో సెక్షనులో ఉంది. అమ్మినవాడి హక్కులోనే లోపముండి నష్టం జరిగితే, ఇన్నేళ్ళు దాటిపోయాయి గనక దావా చెల్లదని అతను తప్పించుకోవటానికి లేదు.

"మరి రిజిస్ట్రేషను చేస్తమంటున్నరు గదా. సర్కారు ముద్ర పడ్డంక భయమేంది?" అని కారులో తిరిగివస్తూ అడిగాడు అన్న.

ఇది ఒక్క మా అన్న ప్రశ్న కాదు. మనలో నూటికి తొంభైమంది ఇలాగే అనుకొంటారు. మూసీ పొంగిన 1908లోనే బ్రిటిషిండియాలో రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. నైజాం రాజ్యానికి అప్పుడు వేరే చట్టాలుండేవి. స్వతంత్రం వచ్చిన తరువాత ఈ చట్టం మనకూ వర్తించింది. ఈ చట్టం కింద సబ్‌రిజిస్ట్రారు చేసే పని ఏమిటి? ఫలానా మనిషి ఫలానా మనిషికి ఫలానా కాగితం రాసిచ్చాడని పుస్తకానికెక్కించటం. రాసిచ్చినవాడికి ఆ భూమిమీద నిజంగా హక్కున్నదని ప్రభుత్వం పూచీపడదు. ఉత్తరం రిజిస్టరు చేసి పంపినంతమాత్రాన అందులోని సంగతులు నిజమని పోస్టుమాస్టరు హామీ ఇచ్చినట్టవుతుందా? ఇదీ అంతే. అమ్మటానికి వీల్లేని ప్రభుత్వభూములు, దేవాదాయభూములు 22-ఎ అనే నిషేధపు జాబితాలో ఉంటాయి. అందులో సర్వేనంబరు ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆపుతాడు. లేకపోతే ముద్ర పడుతుంది. ఎదురింటాయన దస్తావేజుమీదా ముద్ర ఉంది, ఆయన ప్రత్యర్థి దస్తావేజుమీదా ఉంది. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మినప్పుడు సాధారణంగా ముందు రాసుకొన్నదానికే బలమెక్కువ. కాని ఆ సంగతి తేల్చవలసింది కోర్టు. కోర్టు తేల్చేసరికి మనిషి ముసలివాడవుతాడు.

ప్రపంచంలో వేరే పద్ధతి లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ అనే ఆయన 1858లో ఒక ఏర్పాటు తెచ్చాడు. అక్కడ సర్కారువారి పుస్తకంలో ఎవరి పేరుంటే భూమి వారిదే. అందుకు ప్రభుత్వమే పూచీ. మన ఆంధ్రప్రదేశ్‌లోకూడా హక్కుకు పూచీ ఇచ్చే ఉద్దేశంతో 2022లో ఒక చట్టం చేశారు. దానిమీద పెద్ద గొడవ జరిగి 2024లో రద్దుచేశారు. కనుక నేటికీ మన దస్తావేజు సాక్ష్యమే గాని తీర్పు కాదు.

అమెరికావారి అనుభవం మరొక రకం. అక్కడ ఫ్లారిడా చిత్తడినేలలనూ, ఆరిజోనా ఎడారినీ రంగురంగుల పటాలు వేసి, వేలమైళ్ళ దూరానున్నవారికి ఉత్తరాలమీద, ఫోనులమీద అమ్మేశారు. ముసలితనానికి ఇల్లు కట్టుకొందామని కొన్నవాళ్ళు వెళ్ళి చూస్తే కొందరి ప్లాటు నీళ్ళలో ఉంది. చివరికి 1968లో అమెరికను కాంగ్రెసు ఒక చట్టం చేసింది. నీళ్ళున్నాయా, రోడ్డున్నదా, తాకట్టున్నదా అన్నీ రాసిన వివరణపత్రాన్ని సంతకానికి ముందే కొనేవాడి చేతికివ్వాలి. కంపెనీల వాటాలు అమ్మేవాళ్ళకు 1933లో పెట్టిన నియమాన్నే నేల అమ్మేవాళ్ళకూ పెట్టారు. సంతకం చేసిన తరువాతకూడా మనసు మార్చుకోవటానికి కొనేవాడికి ఏడురోజుల గడువుంది. మన చట్టంలో ఆ ఏడురోజులు లేవు. వివరాలు వెల్లడించాలన్న సూత్రం మాత్రం ఉంది. లేఅవుట్ పటం, భూమి హక్కుపత్రాలు, అనుమతులు అన్నీ రెరా వెబ్‌సైటులో పెట్టాలి. మనమే వెళ్ళి చూసుకోవాలి.

చూసుకోకపోతే ఏమవుతుందో తెలియటానికి ఎడారులకు పోనక్కరలేదు. అమీర్‌పేటనుంచి అరగంట ప్రయాణంలో మాదాపూరు ఉంది. అక్కడ గురుకుల్ ట్రస్టుకు చెందిన 627 ఎకరాల వివాదం ఎందరో మధ్యతరగతివారి జీవితాలను నలిపివేసింది. ఆ భూముల్లోని అయ్యప్ప సొసైటీలో ప్లాట్లు కొని ఇళ్ళు కట్టుకొన్నవారు 2014 జూన్‌లో మునిసిపాలిటీవారి యంత్రాలు వచ్చి కూల్చటం చూశారు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ కథ ఇంకా పెద్దది. నెలనెలా కడితే ప్లాటు ఇస్తాము, లేదా వడ్డీతో డబ్బిస్తాము అని అనేక రాష్ట్రాల్లో ముప్పైరెండు లక్షల ఖాతాల్లో ఆరువేల కోట్లకు పైగా పోగుచేశారని దర్యాప్తు సంస్థలు తేల్చాయి. కూలివాళ్ళు, టైలర్లు, చిరుద్యోగులు కట్టిన డబ్బు. 2019లోనూ, 2021లోనూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న మొత్తాలవారికి కొంత చెల్లించింది. జప్తుచేసిన ఆస్తులను బాధితులకోసం తిరిగి అప్పగించే పని 2025లోకూడా జరుగుతూనే ఉంది. పదేళ్ళ తరువాత చేతికొచ్చే డబ్బు పెళ్ళికి ఉపయోగపడదు, వైద్యానికీ ఉపయోగపడదు.

పూర్వం మనవాళ్ళు దీనికి మరో ఉపాయం చేశారు. రాజులు భూమి దానమిచ్చినప్పుడు శాసనంలో నాలుగు దిక్కుల ఎల్లలూ రాయించేవారు. తూర్పున ఫలానా పుట్ట, దక్షిణాన ఫలానా చెరువు కట్ట అని. సాక్షులను చెప్పేవారు. చివర ఆ భూమిని అపహరించినవాడు వేల ఏళ్ళు నరకంలో పడి ఉంటాడని శాపం చెక్కించేవారు. శాపానికి భయపడే రోజులు పోయాయి. ఎల్లలు రాయించటం మాత్రం అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే.

నిజానికి ప్లాటు కొన్నవాడు కొనేది రెండువందల గజాలు మాత్రమే కాదు. ఆ రెండువందల గజాలకు చేరే రోడ్డు, నీళ్ళు పోయే కాలువ, పిల్లలాడుకొనే పార్కు, వీటికికూడా ధర కడుతున్నాడు. కాని దస్తావేజులో రాసేది మాత్రం తన గజాలే. అంచేత మోసం తరచు ఈ ఉమ్మడి నేలలోనే జరుగుతుంది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పదిశాతానికి తగ్గకుండా ఖాళీస్థలం వదలాలి. రోడ్లనూ, ఆ స్థలాన్నీ స్థానికసంస్థకు దానపత్రం రాసి అప్పగించాలి. హెచ్.ఎం.డి.ఎ. లేఅవుట్లలో రోడ్లూ కాలువలూ పూర్తయ్యేదాకా ప్లాట్లలో పదిహేనుశాతం ఆ సంస్థకు తనఖాగా ఉంటుంది. తనఖా పెట్టిన ప్లాట్లనే చవకగా అమ్మజూపే ఘనులూ ఉన్నారు!

అనుమతి లేనిచోట ఈ కాపలా ఏదీ ఉండదు. పార్కు అని చూపినది మర్నాడు ప్లాటు అవుతుంది. కొందరు ఇంకా తెలివిగా సాగుభూమినే గుంటల లెక్కన అమ్ముతారు. గుంట అంటే 121 గజాలు. వ్యవసాయం పేరుతో కొన్న రెండు గుంటల్లో ఇల్లు కట్టబోయినప్పుడు చిక్కు తెలుస్తుంది. అనుమతి లేని లేఅవుట్లలో కొన్నవారికోసం 2007లో, 2015లో, 2020లో ప్రభుత్వాలు క్రమబద్ధీకరణ పథకాలు పెట్టాయి. 2020లో తెలంగాణాలో సుమారు పాతికలక్షల దరఖాస్తులొచ్చాయి. పార్కు స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో పద్నాలుగుశాతం అదనంగా కట్టాలి. గమనించండి. పార్కు మింగినవాడు ఒకడు, పార్కు ఖరీదు కట్టేవాడు మరొకడు. అంత కట్టినా పార్కు రాదు.

ఇల్లు చేరేసరికి చీకటిపడింది. అన్న మాట్లాడకుండా చెప్పులు విడిచి కూర్చున్నాడు. కుర్రవాడు మూడుసార్లు ఫోను చేశాడు. మూడోసారి గజం ఎనిమిదివేల అయిదువందలకు దిగాడు. అన్న నావైపు చూశాడు. మనిషి మెత్తబడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. వదిన చెక్కుబుక్కు తీసి బియ్యం డబ్బామీద పెట్టింది. దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

"నంబరు వచ్చిననాడు పద్నాలుగువేలకే కొందాం. నంబరు రాకుంటె ఎనిమిదివేలైనా ఎక్కువనే" అన్నది.

అప్పుడు కాగితం తీసుకొని వదిన అడిగినవి, నేను చెప్పినవి అన్నీ వరసగా రాశాము. రెరా నంబరు, తెలంగాణాలో ప్రాజెక్టు నంబరు పి అనే అక్షరంతో మొదలవుతుంది. మంజూరైన లేఅవుట్ పటం నకలు. కంపెనీ పటం కాదు, అధికారి సంతకమున్నది. ముప్పయ్యేళ్ళ ఈసీ. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, దావాలు కనిపించవు. కనుక పాత దస్తావేజులన్నీ తెచ్చి వకీలుకు చూపించాలి. సర్వేనంబరు నిషేధపు జాబితాలో ఉన్నదేమో. సాగుభూమిని ఇళ్ళకు మార్చినట్టు ఉత్తర్వు. పార్కు దానపత్రం. మనకు చూపిన ప్లాటు తనఖాలో ఉన్నదేమో. అమ్మేది అసలు యజమానా, జి.పి.ఎ. పట్టుకొచ్చినవాడా? ఒక్క జి.పి.ఎ. కాగితంతోనే హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. చివరగా, డబ్బు నగదుగా ఇవ్వకూడదు.

మోసం జరిగినవారికీ దారి మూసుకుపోలేదు. రెరా అథారిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. డబ్బు వడ్డీతో తిరిగి ఇవ్వమని ఉత్తర్వు వస్తే, దాన్ని శిస్తు బకాయిలాగా వసూలు చేసే అవకాశముంది. పోలీసు కేసు వేరు. 2024 జులై నుంచి కొత్త న్యాయసంహితలో మోసానికి 318వ సెక్షను, ఏడేళ్ళ దాకా శిక్ష. అయితే ఖాళీ అయిన ఖాతాలోంచి ఏ సెక్షనూ డబ్బు తియ్యలేదు. నిప్పు ఆర్పటం కంటె నిప్పు అంటకుండా చూసుకోవటమే సంసారికి సులువు.

నెలలు గడిచాయి. ఆ వెంచరుకు నంబరు రాలేదు. కమాను మాత్రం ఉంది. అమీర్‌పేటలో కరపత్రాలూ పంచుతూనే ఉన్నారు. పేరు మార్చారు. ఎదురింటాయన వాయిదా మళ్ళీ పడింది.

అన్నకు నేలమీద ఆశ చావలేదు. చావనక్కరలేదుకూడా. ఇంకొకచోట, ఔటర్ రింగురోడ్డుకు ఇవతలనే, నంబరున్న లేఅవుట్ ఒకటి వెతికి పట్టుకొన్నాడు. గజం ధర ఎక్కువ. అందుకని నూట యాభై గజాలకే సరిపెట్టుకొంటానంటున్నాడు. మనుమడిచేత వెబ్‌సైటులోని పటాన్ని అచ్చు తీయించి, కంపెనీవారి పటం పక్కన గోడకు అంటించాడు. రెండింటిలోనూ పార్కు ఒకేచోట ఉంది, ఒకే కొలత ఉంది. ఎర్రపెన్సిలుతో దానిచుట్టూ సున్నా చుట్టాడు.

ఈ ఆదివారం అక్కడికి పోతున్నాడు. కంపెనీ కారు వద్దన్నాడు. బస్సులోనే పోతాడట. టేపుకు కొస తెగిందని వదిన చేత కొత్తది తెప్పించుకొన్నాడు. రెండో కొస పట్టుకోవటానికి నన్ను రమ్మంటున్నాడు.